మూడో తలుపు

గడ్డం కాస్త మాడింది, యేసుని సాకిన జోజప్ప గడ్డం, మూరెడు పొడవున పాయలు పాయలుగా అల్లి కాల్చిన రొట్టె, కొస నల్లబడిందని రొసాలియా పొద్దుటి నుంచి దాన్నే అటు తిప్పి ఇటు తిప్పి చూస్తోంది, ఇంత బల్ల మీద ఆ కొస ఎవరికి కనిపిస్తుందే అంటే మా ఆవిడ వినదు, జోజప్పకి కనిపిస్తుంది అంటుంది, నిచ్చెన రొట్టె, సుత్తి రొట్టె, రంపం రొట్టె, ఆ వడ్రంగి పనిముట్లన్నీ పిండితో చేసి పెట్టారు ఈ వీధి ఆడవాళ్లు, నారింజలు, అంజూరం బిళ్లలు, తేనెలో ముంచిన బూరెలు, చేపల పాస్తా మీద చల్లడానికి వేయించిన రొట్టెపొడి, అది జోజప్ప కొట్లో రాలిన రంపపు పొట్టట, ఈస్టరు ముందు తపస్సు కాలం కాబట్టి మాంసం లేదు, జున్ను లేదు, కూర్చోవడానికి నాకు కుర్చీ కూడా లేదు, పవిత్ర కుటుంబం వచ్చి తిని లేచేదాకా ఇంటి యజమాని కూర్చోకూడదని ఆచారం, ఎవడు పెట్టాడో ఈ ఆచారం, వాడి తుంటిలో గుండు లేదు కాబోలు, నా తుంటిలో ఉంది, అక్టోబరులో బీటు దుంపల చేను పక్కన కారు దిగుతుంటే ఎవడో కాల్చాడు, ఒక్కటే గుండు, ఎముక పక్కన చిక్కుకుంది, తీస్తే కాలు పోతుందన్నాడు డాక్టరు, ఉంచితే నొప్పి పోదన్నాడు, సరే ఉంచు అన్నాను, నేనున్నంత కాలం అదీ ఉంటుంది, ఆ మూడు వారాల జ్వరంలోనే రొసాలియా జోజప్పకి మొక్కుకుంది, బల్ల పరుస్తానని, ఎందుకు మొక్కుకుందో నేను అడగలేదు, అడగడానికేముంది, మొగుడు బతకాలని మొక్కుకుంటారు ఆడవాళ్లు.

లారీడు పిండి తెప్పించేవాణ్ణి ఒక్క మాట చెబితే, మా సిసిలీ వదిలి ఓడెక్కి వచ్చిన ఈ ప్యూబ్లో ఊళ్లో ఉక్కు మిల్లు కూలీ దగ్గర్నుంచి షరీఫు దాకా నా చక్కెర సారా తాగనివాడు లేడు, పదిహేనేళ్లుగా ఈ రాష్ట్రంలో చుక్క ముట్టకూడదని చట్టం, ఆ చట్టం చల్లగా ఉండబట్టే ఈ ఇల్లు, ఈ కారు, మెట్ట మీద మూడు పందుల దొడ్లు, వాటి కింద నేలమాళిగల్లో బట్టీలు, పంది కంపులో సారా కంపు తెలియదు, కానీ మొక్కుబల్ల సరుకు కొనకూడదట, అడుక్కురావాలట, చెప్పుల్లేకుండా, గడప గడపకీ, ఇదేం ఖర్మే, గాస్పరే పెళ్లాం అడుక్కుంటోందని ఊరంతా నవ్వుతుంది అన్నాను, ఏమయ్యా, మొక్కు నీ డబ్బుతో తీరేదైతే జోజప్ప దాకా ఎందుకు, కొట్టుకే పోదును కదా అంది, పోయింది, ఫిబ్రవరి మంచులో, వట్టి కాళ్లతో, కాళ్లు ఎర్రగా పొక్కి తిరిగొచ్చింది, ఒక ఇంట్లో పిండి, ఒక ఇంట్లో నూనె, గుట్ట కింద ఆఖరి ఇంట్లో రెండు గుప్పిళ్లు ఎండు చిక్కుడు గింజలు, ఆఖరి ఇంట్లో ఎవరిచ్చారు అని అడిగాను, అక్కుర్సియా ఇచ్చింది అంది, ఆ గింజలు ఇప్పుడు బల్ల మధ్యలో గాజు గిన్నెలో ఉన్నాయి, పొద్దుటి నుంచి అటు చూడకుండా తిరుగుతున్నాను.

అక్కుర్సియా లిబోరియో పెళ్లాం, లిబోరియో నా కుంపారే, అంటే వాడి కొడుక్కి జ్ఞానతండ్రిని నేను, జ్ఞానస్నానం రోజు గుడిలో ఫాదరు బిడ్డ నాలుక మీద ఉప్పు పెడితే మూతి ముడిచి కెవ్వుమన్నాడు, నా చేతుల మీదే, నా పేరే పెట్టారు, చిన్నవాడు కాబట్టి గాస్పరీనో, ముద్దుగా నీనో, మా సిసిలీ వాళ్లకి అన్నదమ్ముడైనా కత్తి దూస్తాడేమో గాని కుంపారే దూయడు, ఆ చుట్టరికం రక్తం కంటే గట్టిది, ఏడేళ్ల కిందట లిబోరియో పోయాడు, బీటు చేల కాలవలో దొరికాడు, నేను చంపించానని ఊరంతా అనుకుంటుంది, నేను చంపించలేదు, ఎవరి తల మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా చెబుతాను, చంపించలేదు, కానీ ఎవరూ అడగరు కదా, అడిగితే కదా చెప్పడానికి, మొక్కుబల్లకి పవిత్ర కుటుంబంగా ఊళ్లో అందరికంటే పేదవాళ్లని పిలవాలి, ఎవర్ని పిలుస్తున్నావు అంటే రొసాలియా తల ఎత్తకుండా పిండి పిసుకుతూ చెప్పింది, జోజప్పగా ముసలి కలోజెరో, మరియమ్మగా అక్కుర్సియా, యేసుగా నీనో, తాత, కోడలు, మనవడు, ఒకే ఇల్లు, అంతకంటే పేదవాళ్లు ఎవరున్నారయ్యా ఈ ఊళ్లో అంది, మగదిక్కు లేని ఇల్లు అంది, నా చేతిలో కాఫీ చల్లారిపోయింది.

పద్దెనిమిదేళ్ల బాలయేసు ఎక్కడైనా ఉంటాడా అన్నా, మీసాలొచ్చాయి వాడికి, అని పిప్పో నవ్వాడు పొద్దున, పిప్పో నా కుడిభుజం, బట్టీలు చూసేదీ వాడే, కారు నడిపేదీ వాడే, నవ్వాపి దగ్గరికొచ్చి, వాడు తుపాకీ కొన్నాడన్నా, మెక్సికన్ల వీధిలో, నువ్వు ఏ దారిన ఎప్పుడు వెళ్తావో కుర్రాళ్లని అడుగుతున్నాడట, అక్టోబరులో చెయ్యి వణికింది కాబట్టి తుంటికి తగిలింది, ఈసారి వణకదు, పాముకి పాలు పొయ్యకు, అన్నాడు, వాడే కాల్చాడని నీకెలా తెలుసురా అన్నాను, ఇంకెవడికుందన్నా అంత పగ అన్నాడు, విందయ్యాక మిగిలిన రొట్టెల గంపలు కార్లో వేసుకుని ముగ్గుర్నీ దింపుతాను, ముసలాణ్ణీ తల్లినీ గుట్ట కింద దింపేసి, ఒరేయ్ నీనో, దొడ్డి దగ్గర బస్తాలు దించాలి, ఒక చెయ్యి వెయ్యరా అంటాను, వస్తాడు, అంతే, నువ్వు ఇంట్లోనే ఉంటావు, అన్నాడు, నేను చిన్నప్పటి నుంచీ జోజప్ప రొట్టె తిన్నవాణ్ణిరా అన్నాను, నా గడప తొక్కి నా చేతి రొట్టె తిన్నవాడి మీద చెయ్యి వేస్తే ఏడు తరాలు పోతాయిరా, దానికీ దారుందన్నా అన్నాడు వాడు, ఎంత తెలివో వెధవకి, తలుపు ఎవడు తీస్తే అతిథి వాడి అతిథి, రొట్టె ఎవడు విరిస్తే ఉప్పు వాడిది, పవిత్ర కుటుంబం మూడు తలుపులు తడుతుంది, మొదటి తలుపు దగ్గరా రెండో తలుపు దగ్గరా పొమ్మనేది నువ్వే కదా, పొమ్మను, ఆచారమే కదా, మూడో తలుపు నేను తీస్తాను, రొట్టె నేను పెడతాను, నీకు తుంటి నొప్పి అని చెబుదాం, ఎవరూ తప్పు పట్టరు, వాడు నా అతిథి అవుతాడు, పాపం నాది, నరకంలో నాకు ఎలాగూ చోటు ఖాయమే, ఒక కుర్చీ పట్టి ఉంచుతాలే నీకు, అని మళ్లీ నవ్వాడు, నేను నవ్వలేదు, తల ఊపాను, అంతే, నోరు తెరిచి ఒక్క మాట అనలేదు, తల ఊపాను.

తట్టారు, వంటింటి తలుపు, వచ్చేశారు, గదుల్లో జనం గుసగుసలు ఆగిపోయాయి, షరీఫు మనిషి కూడా నోట్లో బూరె ఉంచుకుని ఆగాడు, అబ్బా ఈ కాలు, మా ఇల్లు రైలుపెట్టెలా ఉంటుంది, ముందు గది, మధ్య గది, వంటిల్లు, అన్ని గుమ్మాలూ ఒకే వరసలో, ముందు తలుపు దగ్గర నిలబడితే వెనక తలుపు గడియ కనిపిస్తుంది, ఈ గడియ, దీని గురించి రొసాలియాకీ నాకూ రోజూ గొడవే, రాత్రి పడుకునే ముందు నా చేత్తో వేస్తాను, తెల్లారి లేచేసరికి తీసి ఉంటుంది, శత్రువులున్న ఇల్లే ఇది, నన్ను చంపిద్దామని చూస్తున్నావా ఏంటి అంటే, పొయ్యికి బొగ్గు తేవడానికి లేచి మళ్లీ వెయ్యడం మర్చిపోయుంటాను లేవయ్యా అంటుంది, నీకు మతిమరుపు ముదిరిపోయిందే అంటాను, ముదిరింది అంటుంది, ఎవరది, అని అరిచాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, యేసు, మరియ, జోజప్ప, అంది బయట ముసలి కలోజెరో గొంతు, ఆయనకి డెబ్బై ఆరు, గనుల్లో తిన్న దుమ్ము ఇంకా ఛాతీలో గరగరలాడుతోంది, ఏం కావాలి, తిండి కావాలి, తలదాచుకోడానికి చోటు కావాలి, ఇక్కడ చోటు లేదు, పోండి, ఇంకో ఇంటికి పోండి, అన్నాను, అనాలి కాబట్టి అన్నాను, పుట్టిన దగ్గర్నుంచీ విన్న మాటలే, మా నాన్న అన్నాడు, మా తాత అన్నాడు, కానీ ఆ మాట అంటుండగా అరికాళ్లు చల్లబడ్డాయి, బూట్లున్నాయి కాళ్లకి, అయినా చల్లబడ్డాయి, ఆ రోజు బూట్లు లేవు, ఇదే నేల, ఇదే తలుపు, ఫిబ్రవరి తెల్లవారుజాము, మిల్లు మొదటి కూత ఇంకా వెయ్యలేదు, కుంపారే, నేనే, లిబోరియోని, తియ్యి, అని బయట గొంతు, అరవడం లేదు, ఊపిరితో అంటున్నాడు, కుంపారే, వాళ్లు వీధి చివర ఉన్నారు, తియ్యి, నేను గడియ మీద చెయ్యి వేశాను, అది నిజం, వేశాను, తియ్యడానికి వేశానో, గట్టిగా నొక్కి పట్టడానికి వేశానో, ఏడేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, ఇక్కడికి రాకు, ఇంకెక్కడికైనా పో, అన్నాను, మెల్లగా, రొసాలియా నిద్ర లేస్తుందని.

పక్క తలుపు దగ్గరికి నడవాలి ఇప్పుడు, గడియ వేసే ఉంది, మళ్లీ ఒకసారి తోసి చూసుకుని కదిలాను, వాళ్లు బయట ఇంటి చుట్టూ తిరిగి వస్తున్నారు, మంచు కరిగిన బురదలో ముసలాయన చెప్పుల చప్పుడు, నేను లోపల, మధ్యలో గోడ, ఆ రోజూ ఇలాగే, లిబోరియో బయట నడిచాడు, నేను లోపల నడిచాను, ఒకరి అడుగులు ఒకరం వింటూ, డెన్వర్ వాళ్ల సరిహద్దులోకి సరుకు తీసుకెళ్లింది లిబోరియోనే, పంపింది నేను, ఏం కాదు పోరా, నేనున్నా కదా అని భుజం తట్టి పంపింది నేను, డెన్వర్ నుంచి ఇద్దరు పెద్దమనుషులు టోపీలు తీసి నా ముందు గదిలో కూర్చుని, నా కాఫీ తాగి, నీ మనిషి మా ఊళ్లో అమ్ముతున్నాడు, నువ్వు పంపావా అని మర్యాదగా అడిగారు, అబ్బే, నాకు తెలియదు, వాడు సొంతంగా చేసుకున్న పని అన్నాను, ఒక్క మాట, చేతికి మట్టి అంటకుండా ఒక్క మాట, అయితే నువ్వు మధ్యలో వేలు పెట్టవు కదా అన్నారు, తల ఊపాను, అప్పుడూ తల ఊపడమే, ఈ మెడ ఒకటుంది నాకు, తట్టారు, పక్క తలుపు, ఎవరది, యేసు, మరియ, జోజప్ప, ఏం కావాలి, ముసలాయనకి దగ్గొచ్చింది, దగ్గుతూనే తిండి అన్నాడు, చోటు అన్నాడు, పోండి, చోటు లేదు ఇక్కడ, అన్నాను, నా వెనకాల ఎవరో ముసలమ్మ ముక్కు చీదింది, ప్రతి ఏడూ ఈ ఘట్టంలో ఏడుస్తారు ఆడవాళ్లు, పాపం ఆనాడు మరియమ్మ నిండు చూలాలు, చలిలో నిలబెట్టారే అని, ఈ తలుపు మీద కూడా లిబోరియో రెండుసార్లు తట్టాడు, మాట్లాడలేదు ఈసారి, వేళ్లతో గీకినట్టు తట్టాడు, నేను ఊపిరి బిగపట్టి నిలబడ్డాను, ముందు తలుపు దగ్గరికి వస్తాడేమో, వస్తే తీద్దాం, మూడోసారి తడితే తీస్తాను, జోజప్ప మీద ఒట్టు, తీస్తాను అనుకున్నాను, వెళ్లి ముందు తలుపు వెనక నిలబడ్డాను కూడా, రాలేదు, మిల్లు కూత వేసింది, ఆ కూతలో రెండు తుపాకీ చప్పుళ్లు కలిసిపోయాయి, నేను తిరిగొచ్చి పడుకున్నాను, రొసాలియా గోడవైపు తిరిగి నిద్రపోతోంది, ఆమె పాదాలకి నా పాదాలు తగిలాయి, నావి మంచుగడ్డల్లా ఉన్నాయి, ఆమె కదల్లేదు, అదృష్టవంతురాలు, ఏం నిద్రో అనుకున్నాను.

ముందు గది, ఇరవై అడుగులు, ఇరవై కోసులు, జనం దారి ఇస్తున్నారు, పిప్పో అప్పటికే తలుపు దగ్గర ఉన్నాడు, కోటు గుండీలు పెట్టుకుని, జుట్టు దువ్వుకుని, పెళ్లికొడుకులా, కుడి చెయ్యి గడియ మీద, నువ్వు ఆ గోడకి ఆనుకో అన్నా, నేను చూసుకుంటా, అన్నాడు పెద్దగా, అందరూ వినాలని, తర్వాత నా చెవిలో, వాడి కుడి చెయ్యి అంగీ లోపలుంది, కిటికీలోంచి చూశాను, బయటికి తియ్యడం లేదు, నువ్వు ఎదురుగా ఉండకు, పక్కకి పో, అన్నాడు, పక్కకి పోదాం అనే అనుకున్నాను, గోడ ఎంత చల్లగా, ఎంత బాగుంటుంది, ఆనుకుని కళ్లు మూసుకుంటే ఎవడో ఒకడు అన్నీ చేసేస్తాడు, ఎప్పుడూ ఎవడో ఒకడు చేస్తూనే ఉన్నాడు నా బదులు, యాభై మూడేళ్లలో ఒక్కడి మీదా తుపాకీ పేల్చలేదు నేను, ఎవరు నమ్ముతారు, పేపర్లో నన్ను హంతకుడని రాశారు, నవ్వొచ్చింది అప్పుడు, తలుపు తియ్యకపోవడం, తల ఊపడం, తెలియదనడం, ఇవే నేను చేసిన పనులన్నీ, వీటికే ఇంత అలసట ఏమిటి, బస్తాలు మోసినవాడికి లేదు, గనిలో తవ్విన ముసలాయనకి లేదు, తట్టారు, మూడో తలుపు, అమ్మయ్య, తట్టారు, ఎవరది, అని అడగాల్సింది నేను, పిప్పో అడిగాడు, ఎవరది, ముసలాయన దగ్గు తెరలోంచి తేరుకోలేకపోయాడు, అప్పుడు ఇంకో గొంతు అంది, యేసు, మరియ, జోజప్ప, బొంగురుగా, ఊపిరితో అన్నట్టు, మెల్లగా, అది లిబోరియో గొంతు, మీసాలొచ్చిన నీనో గొంతు, అచ్చం వాళ్ల నాన్నది, ఏడేళ్లు ఇంటి చుట్టూ తిరిగి తిరిగి ఇప్పటికి వచ్చాడు ముందు తలుపు దగ్గరికి, చెయ్యి తియ్యరా అన్నాను, పిప్పో వినిపించుకోలేదు, గడియ మీంచి చెయ్యి తియ్యరా పిప్పో, తలుపు నేను తీస్తాను, నా ఇల్లు, నేను తీస్తాను, అన్నా, నీకు పిచ్చా, వాడి చెయ్యి, తెలుసులేరా అన్నాను, వెళ్లి పళ్లేలు పట్టు, పోరా, వాడు నా మొహంలోకి చూశాడు, ఇరవై ఏళ్లుగా నేను తల ఊపడమే చూసినవాడు, గడియ మీంచి ఒక్కో వేలూ తీశాడు.

వెలుతురు, ఎంత ఎండ ఉందో బయట, మిల్లు పొగ లేదు ఇవాళ, గాలి అటు తిరిగినట్టుంది, దుప్పటి కప్పుకున్న ముసలి జోజప్ప, నీలం ముసుగులో అక్కుర్సియా, నా కంటే పెద్దదానిలా ఉంది, పదేళ్లు చిన్నది నాకంటే, మధ్యలో తెల్ల అంగీలో నీనో, కుడి చెయ్యి లోపల, రండి, అన్నాను, ఈ ఇల్లు మీది, ఈ బల్ల మీది, అనాల్సిన మాటలు అన్నాను, ఆచారం ప్రకారం మోకాళ్ల మీద కూర్చుని ముగ్గురి చేతులూ ముద్దు పెట్టుకోవాలి, కూర్చున్నాను, తుంటిలో గుండు కదిలి కళ్లలో నీళ్లొచ్చాయి, జనం భక్తి అనుకుని ఉంటారు, ముసలాయన చెయ్యి, అక్కుర్సియా చెయ్యి, ఆ చెయ్యి బట్టలుతికి ఉతికి గరుకుగా ఉంది, తర్వాత వాడి ముందు నా రెండు చేతులూ చాపాను, వాడు చెయ్యి తియ్యలేదు, అంగీ లోపల బట్ట వణుకుతోంది, పైనుంచి నా నడినెత్తి వాడికి ఎంత దగ్గరో, గురి కూడా చూడక్కర్లేదు, కానియ్యి నాయనా, నీ చెయ్యి వణకనీ, ఈ దూరంలో పరవాలేదు, అనుకున్నాను, నిజంగా అలాగే అనుకున్నాను, నీనో, అంది అక్కుర్సియా మెల్లగా, పెదనాన్న కిందకి వంగి ఉన్నాడు, ఎంతసేపు అలా ఉంచుతావు, ఆయనకి కాలు నొప్పి, చెయ్యి ఇవ్వు, ఎంత సేపయిందో, వంటింట్లో పాస్తా నీళ్లు పొంగి పొయ్యి మీద చుయ్యిమన్నాయి, చెయ్యి వచ్చింది, ఖాళీగా, చెమటతో తడిసి, నా అరచేతుల్లోకి, పెదవులు ఆనించాను, తుపాకీ నూనె వాసన, నలభై ఏళ్లుగా ఎరిగిన వాసన, పొరపాటు పడే వాసన కాదు అది, ఉప్పు తిన్నప్పుడు కెవ్వుమన్న బిడ్డ చెయ్యి, వదలబుద్ధి కాలేదు, పెదనాన్నా, లే, అన్నాడు వాడు, కోపంగానే, లేపాడు కూడా, భుజం కింద చెయ్యి వేసి, ఆకలేస్తోంది అన్నాడు, పద్దెనిమిదేళ్లు కదా, రొట్టె నేనే విరిచి పెడతాను, గంపలు మోసుకుని గుట్ట కింద దాకా నేనే నడుస్తాను వాళ్లతో, కారు వద్దు, ఈ కాలితోనే, దారిలో వాళ్ల నాన్న గురించి చెప్పాలి, ఎవరూ అడక్కపోయినా చెప్పాలి, విన్నాక వాడు ఆ చెయ్యి మళ్లీ లోపల పెడితే పెట్టనీ, ఇలా అనుకుంటూ వెనక్కి తిరిగాను, రొసాలియాని పిలుద్దామని, గుమ్మాల వరస చివర, బల్ల అవతల, వంటింట్లో నిలబడి ఉంది, ఇంకా వట్టి కాళ్లతోనే, నీనో వైపు చూడటం లేదు, నా వైపే చూస్తోంది, ఆమె పక్కన వెనక తలుపు, దాని గడియ, ఇందాక నా చేత్తో తోసి చూసుకున్న గడియ, తీసి ఉంది, పట్టపగలు, బొగ్గు తెచ్చే వేళ కాదు, మతిమరుపని అనడానికి అరగంటైనా కాలేదు, ఆ మొక్కు నా తుంటి కోసం కాదు, ఆ తెల్లవారుజామున మంచుగడ్డల్లాంటి నా పాదాలు తగిలినప్పుడు ఆమె కదలకపోవడం నిద్ర కాదు, విన్నది, రెండు తలుపులూ విన్నది, నా మాట కూడా విన్నది, మర్నాటి నుంచీ ప్రతి తెల్లవారుజామునా, మిల్లు కూతకి ముందే, చలిలో లేచి, నేను వేసిన గడియని తీస్తూనే ఉంది, ఏడేళ్లలో ఒక్కరోజు కూడా రొసాలియా మర్చిపోలేదు.